జ్వరం చాటున దాగే నల్లని పక్కు: స్క్రబ్ టైఫస్‌ను గుర్తించడం, చికిత్స, నివారణ

వానలు తగ్గుముఖం పట్టి చలిగాలులు మొదలయ్యే నాటికి మన సరిహద్దు గ్రామాలలో జ్వరాల కాలం ఆరంభమవుతుంది. మలేరియా, టైఫాయిడ్, డెంగ్యూ అనే మూడు పేర్లు నేడు చదువురాని వారికి కూడా తెలిసినవే. జ్వరం వచ్చిన వ్యక్తికి ఈ మూడింటి పరీక్షలూ చేయించి, మూడింటిలోనూ ఏమీ లేదని తేలితే "వైరల్ జ్వరం, తగ్గిపోతుంది" అని సరిపెట్టుకోవడం పరిపాటి అయింది. నిజానికి పెక్కు సందర్భాలలో అది తగ్గిపోతుంది కూడా. కాని అలా తగ్గకుండా వారం దాటిపోయి, ఊపిరి అందని స్థితిలో పెద్దాసుపత్రికి చేరేవారిలో కొందరికి ఉన్నది నాలుగవ జ్వరం. దాని పేరు స్క్రబ్ టైఫస్.

వేలూరు, కృష్ణగిరి, తిరువళ్ళూరు ప్రాంతాలలో ఉన్న మన తెలుగువారికీ, చిత్తూరు జిల్లా వారికీ, ఒడిశాలో స్థిరపడిన మనవారికీ ఈ వ్యాధి దూరపు ముచ్చట కాదు. తొలి వారంలోనే గుర్తిస్తే ఏ మందుల దుకాణంలోనైనా దొరికే చౌక మాత్రలతో నయమయ్యే జ్వరమిది. గుర్తించకపోతే ఊపిరితిత్తులను, మూత్రపిండాలను, మెదడును దెబ్బతీసి ప్రాణం తీయగల జ్వరం కూడా ఇదే. కావున దీని గురించి ప్రతి కుటుంబమూ కొంత తెలుసుకొని ఉండడం అవసరం.

పేరు వల్ల వచ్చే చిక్కు

తమిళంలో ఈ వ్యాధిని "ఉణ్ణి కాయ్చల్" అంటారు. ఉణ్ణి అంటే మనం పిడుదు అనీ, గోమారి అనీ పిలిచే పురుగు. పశువుల చెవులలోనూ, పొదుగు దగ్గరా, కుక్కల మెడ కిందా పట్టుకొని రక్తం పీల్చి మినపగింజలా ఉబ్బే ఆ పురుగును చూడని రైతు ఉండడు. పేరు విన్నవారు సహజంగానే తమ పశువులను అనుమానిస్తారు. పశువులు లేని వారు తమకు ఆ భయం లేదనుకుంటారు. ఈ రెండూ పొరపాట్లే.

తెలుగు పత్రికలు కొన్ని "నల్లిని పోలిన పురుగు" అని వ్రాస్తున్నాయి. దాని వల్ల మంచంలోని నల్లి కుట్టి ఈ జ్వరం వస్తుందనుకొనేవారూ ఉన్నారు. అదీ నిజం కాదు. ఈ జ్వరాన్ని తెచ్చేది పిడుదూ కాదు, నల్లీ కాదు. పొదలలో, గడ్డిలో, వాటి కింది మట్టిలో జీవించే మైట్ అనే అతి సూక్ష్మమైన జీవి యొక్క పిల్లపురుగు. దీనిని చిగ్గర్ అంటారు. ఇది సుమారు 0.2 మిల్లీమీటర్ల పరిమాణంలో, ఎరుపు లేక నారింజ రంగులో ఉంటుంది. శరీరం మీద ప్రాకినా తెలియదు. కుట్టినా నొప్పి ఉండదు. అందుచేత "మిమ్మల్ని ఏదైనా పురుగు కుట్టిందా" అని వైద్యుడు అడిగితే రోగులలో అధికులు లేదనే చెబుతారు. వారు అబద్ధమాడడం లేదు, వారికి తెలియదంతే.

వ్యాధి ఎలా సోకుతుంది

మైట్ జీవితంలో గుడ్డు, పిల్లపురుగు, ఎదిగే దశ, పెద్ద పురుగు అని దశలున్నాయి. ఎదిగే దశలోనూ, పెద్ద పురుగుగానూ అది మట్టిలోనే ఉండి అక్కడి చిన్న జీవులను, వాటి గుడ్లను తిని బ్రతుకుతుంది. ఆ దశలలో మనిషి జోలికి రాదు. పిల్లపురుగు దశలో మాత్రం దానికి వెచ్చని శరీరం గల ప్రాణి చర్మం నుంచి ఆహారం కావాలి. సాధారణంగా ఆ ప్రాణి ఎలుక, చుంచు లేక పందికొక్కు అవుతుంది. ఆ పొదలోకి మనిషి వెళ్ళినపుడు మనిషి అవుతాడు. పిల్లపురుగులు గుంపుగా గడ్డిపరకల మీదికీ, రాలిన ఆకుల మీదికీ చేరి, పక్కనుంచి వెళ్ళే ప్రాణిని పట్టుకొంటాయి. ఆ తరువాత బట్టల లోపలికి ప్రాకి, చర్మం పలుచగా, తేమగా ఉండి, బట్ట బిగుతుగా తగిలే చోట నిలుస్తాయి.

పిల్లపురుగు సాధారణంగా జీవితంలో ఒక్కసారే ఇలా ఆహారం తీసుకొంటుంది. మరి ఒకరి నుంచి మరొకరికి రోగం ఎలా చేరుతుందన్న సందేహం కలగవచ్చు. ఈ రోగాన్ని కలిగించే ఓరియెన్షియా త్సుత్సుగముషి అనే సూక్ష్మక్రిమి తల్లి మైట్ నుంచి గుడ్ల ద్వారా పిల్లలకు సంక్రమిస్తుంది. అంటే ఆ పురుగు పుట్టుకతోనే రోగక్రిమిని వెంట తెచ్చుకొంటుంది. ఒక పొదలో ఒకసారి ఇటువంటి మైట్లు స్థిరపడితే తరతరాలుగా అక్కడే ఉండిపోతాయి. ఊరిలో ఒక వైపు ఇళ్ళవారికే ఈ జ్వరం మళ్ళీ మళ్ళీ వచ్చి, మరో వైపు వారికి రాకపోవడానికి ఇది ఒక కారణం.

ఈ వ్యాధి మనిషి నుంచి మనిషికి అంటదు. రోగిని తాకినా, ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకొన్నా సోకదు. రోగిని వేరుగా ఉంచవలసిన అవసరం లేదు.

ఒక చిన్న చరిత్ర, అందులో మనవాడు

జపాన్‌లో నీగాటా, అకిటా ప్రాంతాల నదీతీర రైతులకు ఈ జ్వరం ఎంతో కాలంగా తెలుసు. త్సుత్సుగముషి అన్నది జపాను మాటే. కీడు చేసే పురుగు అని దాని భావం. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అస్సాం, బర్మా సరిహద్దు అడవులలో పోరాడిన సైనికులు ఈ జ్వరంతో పెద్ద సంఖ్యలో పడిపోయారు. అప్పటికి దీనికి మందు లేదు. 1948లో మలయాలోని కౌలాలంపూర్‌లో అమెరికన్ వైద్యుడు జోసెఫ్ స్మాడెల్ బృందం క్లోరాంఫెనికాల్‌తో ఈ వ్యాధిని నయం చేసి చూపింది.

అదే 1948లో మరొక ఔషధం లోకానికి వెల్లడయింది. అది ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబపు ఔషధాలలో మొదటిది. దానిని అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్నారు. ఆ పరిశోధన విభాగానికి అధిపతి భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ ఏడాదే ఆగస్టులో ఆయన కన్నుమూశారు. నేడు స్క్రబ్ టైఫస్‌కు ప్రధాన ఔషధంగా వాడే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోనిదే.

యుద్ధం ముగిశాక మన దేశంలో ఈ వ్యాధిని దాదాపుగా మరచిపోయారు. వ్యాధి పోలేదు, వెదకేవారు తగ్గారు. 2001-02 శీతాకాలంలో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు కారణం తెలియని జ్వరాలను పరిశీలించి, వాటిలో స్క్రబ్ టైఫస్ ఉన్నదని తేల్చారు. ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ ప్రాంతంలో ఏటేటా పిల్లలను బలిగొన్న మెదడువాపు కేసులలో పెద్ద భాగానికి ఈ క్రిమే కారణమని గత దశాబ్దంలో జరిగిన పరిశోధనలు చూపాయి. 2023 సెప్టెంబరులో ఒడిశాలోని బర్గఢ్ జిల్లాలో ఈ వ్యాధితో మరణాలు సంభవించాయి. 2024-25 శీతాకాలంలో తమిళనాడు ప్రజారోగ్య శాఖ హెచ్చరిక జారీ చేసింది. 2025 చివరి నెలల్లో ఆంధ్రప్రదేశ్‌లోనూ పలు జిల్లాల నుంచి కేసులు, మరణాలు వార్తలకెక్కాయి.

ఎప్పుడు, ఎవరికి

దక్షిణాదిన ఆగస్టు నుంచి ఫిబ్రవరి వరకు ఈ జ్వరం ఎక్కువగా కనిపిస్తుంది. వానల తరువాత గడ్డి, పొదలు ఏపుగా పెరగడమూ, పంటకోతలూ, ఎలుకల సంతతి పెరగడమూ ఇందుకు కారణాలు. పొలం పనివారు, పశువుల కాపరులు, గడ్డి కోసేవారు, కట్టెలు ఏరేవారు, పొదల చాటుకు బహిర్భూమికి వెళ్ళేవారు, గడ్డిలో ఆడుకొనే పిల్లలు ఎక్కువ ప్రమాదంలో ఉంటారు. అయితే ఇది పల్లెల జ్వరమే అనుకోరాదు. పట్టణాలలోనూ ఖాళీ స్థలాలు, ముళ్ళపొదలు, పాడుపడిన దొడ్లు, ఎలుకలు ఉన్న ప్రతి చోటా దీనికి తావున్నది.

లక్షణాలు

పురుగు కుట్టిన 6 నుంచి 21 రోజులలోపు, సాధారణంగా 10, 12 రోజులకు జ్వరం మొదలవుతుంది. తీవ్రమైన జ్వరం, చలి, భరించలేని తలనొప్పి, ఒళ్ళునొప్పులు, కళ్ళు ఎర్రబారడం తొలి లక్షణాలు. చంకలో, గజ్జలో, మెడ దగ్గర బిళ్ళలు కట్టవచ్చు. కొందరికి పొడి దగ్గు, వాంతులు, కడుపునొప్పి ఉంటాయి. అయిదవ రోజు ప్రాంతంలో ఛాతీ, పొట్ట మీద దద్దురు రావచ్చు. మన చామనఛాయ శరీరాల మీద అది స్పష్టంగా కనిపించదు.

రక్తపరీక్షలో ప్లేట్‌లెట్ల సంఖ్య తగ్గి కనిపించడం వల్ల ఇది డెంగ్యూ అని భ్రమ కలుగుతుంది. ఇక్కడ ఒక తేడా గమనించదగినది. డెంగ్యూ జ్వరం సాధారణంగా వారంలోపు తగ్గుముఖం పడుతుంది. స్క్రబ్ టైఫస్ జ్వరం సరైన మందు పడేవరకు సాగుతూనే ఉంటుంది. అందుచేత అయిదు రోజులు దాటినా తగ్గని జ్వరాన్ని వైరల్ జ్వరమని ఉపేక్షించరాదు.

రెండవ వారంలోకి ప్రవేశిస్తే ప్రమాదం పెరుగుతుంది. ఆయాసం, మూత్రం తగ్గడం, కళ్ళు పచ్చబడడం, మాట తడబడడం, మగత, మూర్ఛ, రక్తపోటు పడిపోవడం తీవ్రస్థితికి గుర్తులు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఒక్క గంట కూడా ఆలస్యం చేయక పెద్దాసుపత్రికి చేర్చాలి. చికిత్స అందని రోగులలో మరణాలు సగటున నూటికి 6 వరకు ఉంటాయని, చికిత్స పొందిన వారిలో అది నూటికి ఒకటి, రెండుకు తగ్గుతుందని పాత, కొత్త నివేదికలన్నింటినీ క్రోడీకరించిన సమీక్షలు తెలుపుతున్నాయి.

నల్లని పక్కు

ఈ వ్యాధికి ఒక ప్రత్యేకమైన గుర్తు ఉన్నది. పురుగు కుట్టిన చోట మొదట చిన్న పొక్కు లేచి, చితికి, నల్లని పక్కు కడుతుంది. చూడడానికి సిగరెట్టుతో కాల్చిన మచ్చ వలె, చుట్టూ ఎర్రని అంచుతో ఉంటుంది. దీనిని వైద్యులు ఎస్కార్ అంటారు. జ్వరంతో ఉన్న వ్యక్తి శరీరంపై ఇది కనిపిస్తే స్క్రబ్ టైఫస్ అని చాలావరకు నిశ్చయించవచ్చు.

అయితే ఇది నొప్పి పెట్టదు, దురద పెట్టదు. పైగా కనిపించని చోటే ఉంటుంది. చంకలు, గజ్జలు, నడుము చుట్టూ మొలతాడు లేక చీరకుచ్చిళ్ళు బిగిసే చోటు, స్త్రీలకు రొమ్ముల కింద, చెవి వెనుక, బొడ్డులో, మర్మావయవాల వద్ద, పిరుదుల మధ్య, పిల్లలకు తలవెంట్రుకల మధ్య వెదకాలి. చంక వంటి తడిగా ఉండే చోట్ల పక్కు నల్లగా గాక, పసుపురంగులో పచ్చిపుండు వలె ఉండవచ్చు.

ఇక్కడే మన సంకోచం అడ్డువస్తున్నది. చొక్కా పైనుంచి గొట్టం పెట్టి చూసి మందు వ్రాసే రద్దీ ఆసుపత్రులలో వైద్యుడు వెదకడు, రోగి చూపడు. స్త్రీలు మరింతగా వెనుకాడుతారు. కావున జ్వరం మూడవ రోజు దాటితే ఇంటిలోనే వెదకడం మేలు. భార్యకు భర్త, తల్లికి కూతురు, బిడ్డకు తల్లి, మంచి వెలుతురులో తల నుంచి కాలి వరకు ఒకసారి చూడాలి. అయిదు నిమిషాల పని. పక్కు దొరికితే దానిని గిల్లరాదు, పసరు పూయరాదు. వైద్యునికి చూపాలి.

సరిహద్దులలో మనకు మరొక ఇబ్బంది ఉన్నది. ఇంట తెలుగు మాట్లాడే పెద్దలు పొరుగు భాష వైద్యుని ముందు తమ బాధను పూర్తిగా చెప్పుకోలేరు. "జ్వరం" అన్న ఒక్క మాటతో సరిపెడతారు. నల్లని పుండు ఉన్నదని చెప్పడానికి తమిళంలో "కరుప్పు పుణ్", కన్నడంలో "కప్పు గాయ", ఒడియాలో "కళా ఘా", మరాఠీలో "కాళీ జఖమ్" అంటే చాలు, వైద్యుడు గ్రహిస్తాడు. ఇంటిలో చదువుకొన్న పిల్లలు ఈ మాటలను అవ్వకూ తాతకూ నేర్పవచ్చు, లేదా తామే వెంట వెళ్ళి చెప్పవచ్చు.

పక్కు అందరిలోనూ కనిపించదు. చాలామంది రోగులలో ఎంత వెదికినా దొరకదు. కాబట్టి పక్కు లేనంత మాత్రాన వ్యాధి లేదని తీర్మానించరాదు.

పరీక్షలు

ప్రస్తుతం ఎక్కువగా వాడుకలో ఉన్నది ఐజీఎం ఎలీసా అనే రక్తపరీక్ష. శరీరం ఆ క్రిమికి ఎదురుగా తయారుచేసుకొనే ప్రతిరక్షకాలను ఇది గుర్తిస్తుంది. అవి తయారు కావడానికి అయిదు నుంచి ఏడు రోజులు పడుతుంది. అందువల్ల జ్వరం వచ్చిన రెండవ రోజే చేయిస్తే వ్యాధి ఉన్నా లేదని రావచ్చు. పాతకాలపు వైల్-ఫెలిక్స్ పరీక్ష ఇప్పటికీ కొన్ని చోట్ల చేస్తున్నారు. అది చాలా కేసులను పట్టలేదు. పక్కు ముక్క నుంచి గాని, రక్తం నుంచి గాని చేసే పీసీఆర్ పరీక్ష తొలి రోజులలోనే చెప్పగలదు. కాని అది పెద్ద ప్రయోగశాలలలోనే లభ్యం.

ఫలితం కోసం చికిత్స ఆపరాదన్నది ముఖ్య సూత్రం. భారత వైద్య పరిశోధన మండలి 2015లో వెలువరించిన మార్గదర్శకాలు, లక్షణాలను బట్టి అనుమానం కలిగితే పరీక్ష ఫలితం రాకముందే మందు మొదలుపెట్టాలని చెబుతున్నాయి.

చికిత్స

ప్రధాన ఔషధం డాక్సీసైక్లిన్. 45 కిలోలకు పైబడిన వారికి 100 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు 7 రోజులు ఇస్తారు. పిల్లలకు బరువును బట్టి మోతాదు వైద్యుడు నిర్ణయిస్తాడు. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. డాక్సీసైక్లిన్ పడనివారికి కూడా అదే ప్రత్యామ్నాయం. సరైన మందు పడితే 48 గంటలలో జ్వరం దిగడం మొదలవుతుంది. అలా దిగకపోతే వైద్యుడు వేరే కారణాన్ని కూడా వెదకవలసి ఉంటుంది.

పిల్లలకు డాక్సీసైక్లిన్ ఇస్తే పళ్ళు పచ్చబడతాయన్న భయం తల్లిదండ్రులలో, కొందరు వైద్యులలో కూడా ఉన్నది. ఆ భయం పాత టెట్రాసైక్లిన్ నాటిది. కొద్ది రోజులు మాత్రమే వాడే డాక్సీసైక్లిన్ వల్ల అటువంటి హాని కనిపించలేదని తరువాతి పరిశీలనలు తేల్చాయి.

ఈ మాత్రను భోజనం తరువాత, నిండు గ్లాసు నీటితో మింగాలి. మింగిన వెంటనే పడుకొంటే మాత్ర గొంతుగొట్టంలో నిలిచి పుండు చేయవచ్చు, కనుక అరగంటయినా కూర్చోవాలి. ఇనుము మాత్రలు, కడుపుమంటకు వాడే మందులు దీనితో కలిపి తీసుకొంటే మందు ఒంటికి పట్టదు. వాటికీ దీనికీ నడుమ కొన్ని గంటల ఎడం ఉండాలి. జ్వరం తగ్గిందని రెండవ రోజే మాత్రలు మానివేయరాదు.

మరొక ముఖ్య విషయం. పల్లెలలో జ్వరం అనగానే ఇచ్చే అమాక్సిసిలిన్, సెఫిక్సిమ్ వంటి మాత్రలు, సెఫ్‌ట్రయాక్సోన్ సూదులు ఈ క్రిమిపై పనిచేయవు. ఈ క్రిమి మన శరీర కణాల లోపల దాగి ఉంటుంది. అక్కడ ఆ మందులు దానిని ఏమీ చేయలేవు. "అయిదు రోజులు ఖరీదైన సూదులు వేయించాము, అయినా తగ్గలేదు" అన్న మాట వినిపించినపుడు స్క్రబ్ టైఫస్ గుర్తుకు రావాలి.

వ్యాధి ముదిరి ఆసుపత్రిలో చేరిన వారి చికిత్సలో ఇటీవల ఒక మంచి మార్పు వచ్చింది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యుల నాయకత్వంలో దేశంలోని 7 ఆసుపత్రులలో జరిగిన పరీక్ష ఫలితాలు 2023లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురితమయ్యాయి. 794 మంది తీవ్రరోగుల వివరాలను అందులో విశ్లేషించారు. డాక్సీసైక్లిన్ లేక అజిత్రోమైసిన్ ఒక్కటే నరం ద్వారా ఇచ్చిన వారిలో నూటికి 47, 48 మందికి మరణమో, తగ్గని జ్వరమో, వీడని ఉపద్రవమో ఎదురయింది. రెండింటినీ కలిపి ఇచ్చిన వారిలో అది నూటికి 33కు తగ్గింది. మన పొరుగు ఊరిలో జరిగిన ఈ పని ప్రపంచమంతటికీ ఉపయోగపడుతున్నది. అయితే ఇది తీవ్రరోగులకు సంబంధించినది. ఇంటిలో ఎవరికి వారు రెండు మందులూ కలిపి మింగడానికి కాదు. ఏ మందైనా వైద్యుని సలహాతోనే వాడాలి.

నివారణ

ఈ వ్యాధికి టీకా లేదు. ఒకసారి వచ్చి తగ్గినవారికి మళ్ళీ రాదన్న హామీ కూడా లేదు. ఆ క్రిమిలో పలు రకాలున్నాయి, ఒకదాని వల్ల కలిగిన రక్షణ మరొకదానికి పనికిరాదు. కావున జాగ్రత్తలే శరణ్యం.

పొదలలోకి, ఎత్తైన గడ్డిలోకి వెళ్ళేటపుడు పొడుగు చేతుల చొక్కా, కాళ్ళు కప్పే దుస్తులు, పాదరక్షలు ధరించాలి. గడ్డి మీద నేరుగా కూర్చోరాదు, పడుకోరాదు. చాపో, గోనెపట్టో పరచుకోవాలి. డీట్ కలిసిన దోమల మందును కాళ్ళకు, చేతులకు రాసుకొంటే ఈ పురుగు కూడా దరిచేరదు.

పొలం నుంచి తిరిగి వచ్చాక అదే బట్టలతో మంచమెక్కరాదు. వెంటనే సబ్బుతో ఒళ్ళు రుద్దుకొని స్నానం చేయాలి. పురుగు సరైన చోటు వెదకుతూ ప్రాకుతున్నంతసేపూ స్నానంతో కొట్టుకుపోతుంది. విడిచిన బట్టలను వేడినీటిలో ఉతకాలి. ఉతికిన బట్టలను పొదల మీద, గడ్డి మీద ఆరవేసే అలవాటు మానాలి, తాడు మీద ఆరవేయాలి. చంటిబిడ్డలను చెట్టుకింద గడ్డిలో పడుకోబెట్టి పనిచేసుకొనే తల్లులు దానికి బదులు ఉయ్యాల కట్టుకోవడం మంచిది.

ఇంటి చుట్టూ పొదలు, పిచ్చిగడ్డి కొట్టివేయాలి. కట్టెల మోపులు, కొబ్బరి మట్టలు, చెత్తకుప్పలు గోడకు ఆనించి ఉంచితే ఎలుకలకు ఇల్లు కట్టి ఇచ్చినట్లే. ఎలుకలను అరికట్టాలి గాని, అందులో ఒక మెలకువ ఉన్నది. ఎలుకలను మాత్రం ఒక్కసారిగా చంపితే, ఆహారం కోల్పోయిన పిల్లపురుగులు మనుషుల వైపు మళ్ళే ప్రమాదముంది. పొదల తొలగింపు, పురుగుమందు చల్లడం ముందుగానో, దానితోపాటో జరగాలి. ఇది ఒక ఇంటివారితో అయ్యే పని కాదు, పంచాయతీ పూనుకోవాలి.

పిడుదులు తెచ్చే వ్యాధుల సంగతి

అసలు పిడుదుల వల్ల వచ్చే జబ్బులు లేవా అంటే ఉన్నాయి. కర్ణాటకలో "మంగన కాయిలె" అని పిలిచే కోతిజ్వరం వాటిలో ఒకటి. 1957లో శివమొగ్గ జిల్లా సొరబ తాలూకా క్యాసనూరు అడవిలో దీనిని మొదట గుర్తించారు. ఇది వైరస్ వల్ల వచ్చేది. డాక్సీసైక్లిన్ దీనిపై పనిచేయదు, ప్రత్యేకమైన మందు కూడా లేదు. మలెనాడు అడవులలో డిసెంబరు నుంచి మే వరకు దీని భయం అధికం. అక్కడ చనిపోయిన కోతులు కనిపిస్తే తాకకుండా ఆరోగ్యశాఖకు తెలపాలి.

అమెరికాలో పిల్లలున్న మన తల్లిదండ్రులు అక్కడి లైమ్ వ్యాధి మాట విని భయపడుతుంటారు. 1970వ దశకంలో కనెక్టికట్ రాష్ట్రంలోని లైమ్ అనే ఊరి పేరున ప్రసిద్ధికెక్కిన ఆ వ్యాధి జింక పిడుదు కాటు వల్ల వస్తుంది. కుట్టిన చోట కొద్దిరోజులకు వలయాకారంలో ఎర్రని మచ్చ వ్యాపించడం దాని గుర్తు. దానికీ డాక్సీసైక్లిన్ ముఖ్యమైన మందు. మన దేశంలో అది బహు అరుదు.

ఏ దేశంలోనైనా పిడుదు ఒంటికి పట్టి కనిపిస్తే సన్నని చిమటాతో చర్మానికి ఆనుకొని దాని మూతి దగ్గర పట్టుకొని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగాలి. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం, వేళ్ళతో చిదమడం తగవు. ఆపై ఆ చోటును సబ్బుతో కడిగి, తరువాతి వారాలలో జ్వరమో, మచ్చో వస్తే వైద్యునికి ఆ సంగతి చెప్పాలి. స్క్రబ్ టైఫస్ పురుగును మాత్రం ఇలా చూసి తీయడం సాధ్యం కాదు, అంత చిన్నది.

మనం చేయగలిగినది

ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ సిబ్బంది, ఉపాధ్యాయులు, ఊరిలో సూదులు వేసే ఆర్.ఎం.పి.లు తలచుకొంటే ఈ వ్యాధితో మరణాలను చాలావరకు ఆపవచ్చు. నాలుగు రోజులుగా జ్వరమని బడికి రాని పిల్లవాని ఇంటికి కబురు పంపి, "ఒళ్ళంతా చూశారా, నల్లని పక్కు ఏదైనా ఉన్నదా" అని అడగడం ఏ ఉపాధ్యాయునికీ భారం కాదు. బడి ఆవరణలోని పొదలను సెలవుల అనంతరం బడి తెరిచేలోగా కొట్టించడం కూడా అంతే.

పాఠకులు మూడు మాటలు గుర్తుంచుకొంటే చాలు. అయిదు రోజులు దాటిన జ్వరాన్ని తేలికగా తీసుకోరాదు. ఒళ్ళంతా వెదకి నల్లని పక్కు ఉంటే సిగ్గుపడక చూపాలి. ఆసుపత్రిలో "స్క్రబ్ టైఫస్ కావచ్చునా" అని వినయంగా, తప్పకుండా అడగాలి. ఆ ప్రశ్న వల్ల పోయేదేమీ లేదు. అడగకపోవడం వల్ల కొన్ని ఇళ్ళలో మనుషులే పోతున్నారు.